బోల్టులు పట్టినంత మాత్రాన సరిపోదు

కారుకు కొత్త రిమ్ములు వేయించినవాళ్లను "సరిగ్గా సరిపోయాయా?" అని అడిగితే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఆ, బోల్టులు పట్టాయి. ఎక్కడా తగలట్లేదు." ముందు చక్రాలు మాత్రమే లాగే సెడాన్ అయితే ఈ జవాబుతో ఏళ్ల తరబడి నడిచిపోతుంది. నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే ఏడబ్ల్యూడీ సెడాన్‌కు మాత్రం అది సగం జవాబు కూడా కాదు. న్యూజెర్సీ నుంచి మిన్నెసోటా దాకా మంచు పడే ఊళ్లలో మనవాళ్ల డ్రైవ్‌వేల మీద ఈ రకం కార్లు చాలానే కనిపిస్తాయి: సుబారు లెగసీ, డబ్ల్యూఆర్ఎక్స్, ఆడి ఏ4, ఏడబ్ల్యూడీ క్యామ్రీ, రెండు మోటార్ల టెస్లా మోడల్ 3. హైదరాబాద్‌లో అయితే బీఎండబ్ల్యూ ఎం340ఐ.

మామూలుగా కొనుగోలు ఏ వరుసలో జరుగుతుందో తెలిసిందే. ముందు రిమ్ము డిజైన్ నచ్చుతుంది, తర్వాత ఎన్ని అంగుళాలో తేలుతుంది, చివర్లో మిగిలిన డబ్బుకు వచ్చే టైరు. ఏడబ్ల్యూడీ సెడాన్‌కు ఈ వరుసను తిరగేయాలన్నది నా వాదన. ముందు టైరు చుట్టుకొలత, తర్వాత ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందో చెప్పే అంకె), ఆ రెండూ కుదిరాక డిజైన్. రిమ్ము తప్పుగా కొంటే పోయేది రిమ్ము డబ్బే. టైర్ల లెక్క తప్పితే బిల్లు గేర్‌బాక్సు దాకా వెళ్తుంది.

చుట్టుకొలత లెక్క

ఉదాహరణకు 2015 నుంచి 2021 వరకు వచ్చిన డబ్ల్యూఆర్ఎక్స్‌నే తీసుకుందాం. దానికి కంపెనీ వేసిన ఒక సైజు 235/45 ఆర్17. వెడల్పు 235 మి.మీ., సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు అందులో 45 శాతం, అంటే దాదాపు 106 మి.మీ. పైనా కిందా కలిపి 211.5, రిమ్ము 17 అంగుళాలంటే 431.8. మొత్తం వ్యాసం 643.3 మి.మీ., చుట్టుకొలత 2,021 మి.మీ. ఈ రెండు అంకెలు ఫోన్లో రాసి పెట్టుకున్నాకే షాపుకు వెళ్లాలి.

ఇప్పుడు 18 అంగుళాలకు వెళ్దాం. 235/40 వ్యాసం 645.2, పాతదానికి తేడా 0.3 శాతం. 245/40 అయితే 653.2, ఒకటిన్నర శాతం ఎక్కువ. అదే తరం ఎస్టీఐకి (డబ్ల్యూఆర్ఎక్స్‌లో ఎక్కువ శక్తి ఉన్న రకం) 2017 దాకా కంపెనీ ఇచ్చింది ఇదే. 225/45 అయితే 659.7, రెండున్నర శాతం ఎక్కువ. చవగ్గా, సులభంగా దొరుకుతుందని చాలామంది చెయ్యి దీనిమీదే పడుతుంది. నాలుగూ ఇవే వేస్తే గేర్‌బాక్సుకేమీ కాదు. మీటరు చూపించేదానికీ నిజం వేగానికీ మధ్య లెక్క మారుతుంది, ఫెండర్‌కు ఎనిమిది మి.మీ. దగ్గరవుతుంది, పికప్ కాస్త మందగిస్తుంది. అంతే.

అసలు చిక్కు నాలుగూ ఒకేలా లేనప్పుడే. నాలుగు టైర్ల చుట్టుకొలతల మధ్య తేడా పావు అంగుళం, అంటే 6.4 మి.మీ. దాటకూడదన్నది సుబారు పెట్టిన హద్దు. వినడానికి ఫరవాలేదనిపిస్తుంది. దాన్ని ట్రెడ్ లోతులోకి, అంటే టైరు ముఖం మీది గాడుల లోతులోకి మార్చి చూస్తే తెలుస్తుంది ఎంత బిగుతో. అమెరికాలో ట్రెడ్‌ను అంగుళంలో 32వ వంతుల్లో కొలుస్తారు. ఒక్క వంతు అరిగితే టైరు అర్ధవ్యాసం 0.8 మి.మీ. తగ్గుతుంది, చుట్టుకొలత 5 మి.మీ. తగ్గుతుంది. అంటే పావు అంగుళం చుట్టుకొలతకు సమానమైన అరుగుదల ఒకటింపావు వంతు. మిల్లీమీటర్లలో చెప్పాలంటే ఒక్క మిల్లీమీటరు.

నిత్యం జరిగేది చూడండి. మూడు టైర్లు 6/32 దగ్గర ఉన్నాయి, ఇంకా రెండు చలికాలాలు ఆడతాయి. నాలుగోదానికి సైడ్‌వాల్‌లో స్క్రూ దిగింది. ట్రెడ్ మధ్యలో పావు అంగుళం లోపు రంధ్రమైతే లోపలి నుంచి ప్యాచ్ వేస్తారు, సైడ్‌వాల్‌లో అయితే ఏ మర్యాదగల షాపూ ముట్టుకోదు. కొత్త టైరు 10/32తో వస్తుంది. తేడా నాలుగు వంతులు, చుట్టుకొలతలో 20 మి.మీ., అంటే ఒక శాతం. కిలోమీటరుకు చక్రం సుమారు 495 చుట్లు తిరుగుతుంది కాబట్టి కొత్త టైరు మిగతావాటికంటే కిలోమీటరుకు ఐదు చుట్లు తక్కువ తిరుగుతుంది. డల్లాస్ నుంచి హ్యూస్టన్ వెళ్లేసరికి రెండు వేల చుట్ల దాకా తేడా.

"వంపు తిరిగినప్పుడు చక్రాలు ఎలాగూ వేర్వేరు వేగాల్లో తిరుగుతాయి కదా, డిఫరెన్షియల్ ఉన్నది అందుకే కదా?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. వంపు కొన్ని సెకన్లది. టైరు తేడా మాత్రం తిన్నని రోడ్డు మీద, హైవే వేగంలో, గంటల తరబడి ఆగకుండా పనిచేస్తుంది. మాన్యువల్ గేర్ల డబ్ల్యూఆర్ఎక్స్‌లో ముందు, వెనక ఇరుసుల మధ్య విస్కస్ కప్లింగ్ ఉంటుంది. అందులోని సిలికోన్ ద్రవం వేగం తేడాను వేడిగా మారుస్తుంది. ఆ పని కొద్దిసేపు చేయడానికే దాన్ని తయారుచేశారు. ఆటోమేటిక్ సుబారుల్లోనూ, బీఎండబ్ల్యూ ఎక్స్‌డ్రైవ్‌లోనూ అదే చోట క్లచ్ ప్లేట్లు ఉంటాయి, అవి జారుతూ అరుగుతాయి. పార్కింగ్ లాట్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా కదిలినప్పుడు బండి ఎవరో వెనక పట్టుకున్నట్టు బిగుసుకుని కుదుపుతోందంటే అది బైండింగ్. అప్పటికే ఖర్చు మొదలైనట్టు. పాత ఆటోమేటిక్ సుబారుల్లో చిన్న స్టెప్నీ వేసుకున్నప్పుడు వెనక చక్రాలకు శక్తి ఆపేయడానికి విడిగా ఒక ఫ్యూజు పెట్టే చోటే ఉండేది. ఎన్నో మైళ్లు నడవని స్టెప్నీ కోసమే అంత ఏర్పాటు చేశారు.

ఇక్కడే షాపువాళ్ల అలవాటు సలహా ఒకటి ఎదురు తిరుగుతుంది. "ఒకటి కాదు, జతగా వేయించండి" అంటారు. ముందు చక్రాల కారుకు అది మంచి సలహా. ఏడబ్ల్యూడీకి లెక్క వేసి చూడండి. ఇరుసు డిఫరెన్షియల్ దానికున్న రెండు చక్రాల వేగాల సగటును మధ్య భాగానికి పంపుతుంది. ఒక్క కొత్త టైరు వేస్తే ఆ ఇరుసు సగటు తేడా 10 మి.మీ. జతగా ఒకే ఇరుసుకు వేస్తే మొత్తం 20 మి.మీ. తేడా మధ్య కప్లింగ్ మీదే పడుతుంది. అంటే డబ్బు రెండింతలు పెట్టి గేర్‌బాక్సు మీద భారం కూడా రెండింతలు చేసుకున్నట్టు. అలాగని ఒక్కటి వేయడమే పరిష్కారమని కాదు. అప్పుడు ఆ ఇరుసు డిఫరెన్షియల్‌లోని చిన్న పళ్లచక్రాలు తిన్నని రోడ్డు మీద కూడా తిరుగుతూనే ఉంటాయి. ఏది తక్కువ చెడో చూసుకోవడమే ఇది.

మరి చేసేదేమిటి? కొత్త టైరును మిషన్ మీద మిగతావాటి లోతుకు చెక్కించడం ఒక దారి. కొత్త రబ్బరును డబ్బిచ్చి గీకించడం మన మనస్తత్వానికి అస్సలు పడదు, కానీ నాలుగు టైర్లు మార్చడం కంటే ఎంతో చవక. అదే మోడల్, అదే సైజు, సగం అరిగిన వాడిన టైరు వెతుక్కోవడం ఇంకో దారి; దాన్ని కొనేముందు సైడ్‌వాల్ మీద తయారీ తేదీ చూడాలి, నాలుగంకెల్లో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. నాకు నచ్చేది మూడోది. కొనేటప్పుడే ఐదు టైర్లు కొని, ఐదోదాన్ని ఎండ తగలనిచోట దాచుకోవడం. అవసరం పడిన రోజున దాన్నీ చెక్కించాల్సిందే. కానీ అప్పటికి ఆ మోడల్ తయారీ ఆగిపోయిందన్న చిక్కు ఉండదు. సైజు ఒకటే అయినా రెండు కంపెనీల టైర్లు నిజం కొలతలో కొన్ని మి.మీ. తేడా వస్తాయి, అందుకే మోడల్ కూడా కలవాలని పట్టుబట్టేది.

వెనక వెడల్పు టైర్ల సంగతి

ముందొక సైజు, వెనకొక సైజు టైర్లు ఏడబ్ల్యూడీకి అసలు కూడదని కొందరు ఖరాఖండిగా చెబుతారు. అది నిజం కాదు. బీఎండబ్ల్యూ 3 సిరీస్‌కు 18 అంగుళాల్లో వచ్చే జత ముందు 225/45, వెనక 255/40. లెక్క కట్టండి: 659.7, 661.2. వ్యాసంలో తేడా ఒకటిన్నర మి.మీ., చుట్టుకొలతలో ఐదు మి.మీ. లోపు. 19 అంగుళాల్లో 225/40, 255/35. అక్కడా తేడా అంతే. వెడల్పులు వేరైనా చుట్టుకొలతలు కలిసేలా కంపెనీ ముందే చూసుకుంది. వెనక మరింత వెడల్పుగా కనబడాలని 275/35 ఆర్18 వేస్తే అది 649.7. ముందు టైరుకూ దానికీ చుట్టుకొలతలో 31 మి.మీ. తేడా, అది క్లచ్ ప్లేట్లకు రోజూ పెట్టే పరీక్ష.

ఈ జతలకున్న అసలు లోపం వేరే ఉంది. ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చలేం కాబట్టి అరుగుదల సమం చేసే దారి పోతుంది. కంపెనీ కలిపి ఇచ్చిన చుట్టుకొలతలు ఇరవై వేల కిలోమీటర్ల తర్వాత కలిసే ఉన్నాయో లేదో లోతు కొలిచే గేజ్‌తో చూసుకోవాల్సిన బాధ్యత సొంతదారుడిదే. కంపెనీ అలా ఇవ్వని సెడాన్‌కు మనంతట మనం వెనక వెడల్పు పెట్టుకోవడంలో నాకు ఒక్క లాభమూ కనబడదు.

ఆఫ్‌సెట్: ఫొటోలో కనబడని అంకె

రిమ్ము మధ్య గీత నుంచి హబ్‌కు (ఇరుసు చివర చక్రాన్ని బిగించే భాగానికి) ఆనుకునే ముఖం ఎంత బయటికి ఉందో చెప్పేది ఆఫ్‌సెట్. అంకె పెద్దదైతే చక్రం లోపలికి, చిన్నదైతే బయటికి. డబ్ల్యూఆర్ఎక్స్ 17×8 రిమ్ము (17 అంగుళాల వ్యాసం, 8 అంగుళాల వెడల్పు) ఆఫ్‌సెట్ ప్లస్ 55 మి.మీ. లెక్క సులువు: వెడల్పులో సగం నుంచి ఆఫ్‌సెట్ తీసేస్తే బయటి అంచు ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది, కలిపితే లోపలి అంచు. ఇక్కడ బయటికి 46.6, లోపలికి 156.6.

మార్కెట్లో విరివిగా దొరికే 18×8.5 ప్లస్ 35 రిమ్ముకు బయటికి 73, లోపలికి 143. అంటే చక్రం 26 మి.మీ. బయటికి తోసుకొస్తుంది. ఫొటోల్లో అందరూ మెచ్చే 18×9.5 ప్లస్ 38 అయితే బయటికి 82.6, లోపలికి 158.6. అది 36 మి.మీ. బయటికి రావడమే కాకుండా లోపల సస్పెన్షన్ స్ట్రట్‌కు రెండు మి.మీ. దగ్గరవుతుంది. టైరును బట్టి ఫెండర్ అంచు లోపలికి మడిపించడమో, చక్రం తల లోపలికి వాల్చేలా క్యాంబర్ పెంచడమో అవసరం పడొచ్చు. క్యాంబర్ పెంచితే టైరు లోపలి అంచు ముందుగా అరుగుతుంది, అరుగుదల సమంగా ఉండాలని ఇంతదాకా పడ్డ తంటా అంతా మళ్లీ మొదటికొస్తుంది.

ఖాళీ కారును షాపులో జాకీ దించి చూస్తే ఏదీ తగలదు. ఎయిర్‌పోర్టుకు వెళ్లి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని ఎక్కించుకుని, డిక్కీలో నాలుగు 23 కిలోల సూట్‌కేసులు పెట్టి, ఇంటి డ్రైవ్‌వే ఎత్తు ఎక్కేటప్పుడు వెనక నుంచి బర్రుమని ఒక చప్పుడు వస్తుంది. వెనక ఫెండర్ లోపలి అంచు టైరు భుజాన్ని కోస్తున్న చప్పుడది. దిగి చూస్తే టైరు చుట్టూ వేలెడు వెడల్పున నున్నగా గీసినట్టు మెరుస్తూ ఉంటుంది. అందుకే కొలవాల్సింది బరువు వేసిన కారుని. వెనక సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టి, టైరుకూ ఫెండర్ అంచుకూ మధ్య ఎంత ఉందో టేపుతో చూడాలి. ముందు చక్రాలకైతే స్టీరింగ్‌ను రెండు వైపులా ఆఖరుదాకా తిప్పి, లోపల స్ట్రట్‌కూ, వెనకవైపు ప్లాస్టిక్ లైనర్‌కూ ఎంత ఖాళీ ఉందో చూడాలి.

తగలకపోయినా ఖర్చు లేకపోలేదు. ఆఫ్‌సెట్ 55 నుంచి 35కి దిగితే టైరు రోడ్డును తాకే చోటు 20 మి.మీ. బయటికి జరుగుతుంది. వీల్ బేరింగ్ మీద పడే వంపు బలం పెరుగుతుంది, గుంతలో పడ్డప్పుడు స్టీరింగ్ చేతిలో గుంజుతుంది, బ్రేకు కొట్టినప్పుడు రోడ్డు మీది గాడుల వెంట లాగుతుంది. నా లెక్కలో మధ్యేమార్గం 18×8.5, ఆఫ్‌సెట్ 45 నుంచి 55 మధ్య. ప్లస్ 55 అంటే అదే తరం ఎస్టీఐ రిమ్మే. కొత్త కారు కొన్న నెలలోనే వేరేవి వేయించుకుని అమ్మేసే ఆ అసలు రిమ్ములు వాడినవి మంచి ధరకు దొరుకుతాయి, బరువు ఎంత మోస్తాయో కంపెనీ ముందే పరీక్షించి ఉంటుంది. చవక నకలు రిమ్ముల వెనక ఆ బరువు అంకె కోసం వెతికినా తరచూ దొరకదు. దొరికితే కారు తలుపు దగ్గరి స్టిక్కర్ మీదున్న ఇరుసు బరువును రెండుతో భాగించి పోల్చుకోండి, రిమ్ము అంకె దానికంటే ఎక్కువ ఉండాలి.

బోల్టుల సంగతీ అంత తేలిక కాదు

2014 దాకా డబ్ల్యూఆర్ఎక్స్‌కు 5×100, అంటే 100 మి.మీ. వ్యాసమున్న వలయం మీద ఐదు బోల్టులు; 2015 నుంచి 5×114.3. లెగసీ కూడా ఆ ఏడాదే మారింది. "సుబారు రిమ్ములే కదా" అని సంవత్సరం చూడకుండా వాడినవి కొనేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. సుబారు హబ్ 56.1 మి.మీ., బయటి కంపెనీల రిమ్ముల మధ్య రంధ్రం తరచూ 73.1. మధ్య ఖాళీకి రింగులు వేయకపోతే చక్రం నట్ల మీదే కూర్చుంటుంది, గంటకు వంద కిలోమీటర్ల దగ్గర స్టీరింగ్ వణకొచ్చు. ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా ఆ వణుకు పోదు.

నట్ల మర సుబారుకు ఎం12×1.25 (12 మి.మీ. లావు, మర చుట్ల మధ్య దూరం 1.25 మి.మీ.), టయోటాకు ఎం12×1.5. ఒకదాని నట్టు ఇంకోదానికి రెండు చుట్లు తిరిగి బిగుస్తుంది, మనవాడు ఇంపాక్ట్ గన్ పెట్టగానే మర పోతుంది. టయోటా కంపెనీ రిమ్ముల నట్లకు కింద వాషరుతో బల్లపరుపు ముఖం ఉంటుంది, బయటి రిమ్ములకు శంకువులా వాలు ముఖం కావాలి. ఆడికి నట్లు లేవు, బోల్టులే, వాటి ముఖం గుండ్రం. పాత నట్లు కొత్త రిమ్ముకు పట్టినట్టే ఉండి నిజానికి ఒక సన్నని గీత మీదే ఆని ఉంటాయి, అవే తర్వాత వదులవుతాయి. 1.25 మరకు నట్టు కనీసం ఎనిమిది చుట్లు చేత్తో తిరగాలి. బిగింపు ఈ తరం డబ్ల్యూఆర్ఎక్స్‌కు 120 న్యూటన్ మీటర్లు, టార్క్ రెంచితోనే. 80 నుంచి 150 కిలోమీటర్లు నడిచాక మళ్లీ చూసుకోవాలి.

ఎన్ని అంగుళాలు?

అందం కోసం మార్చుకోవడం తప్పని నేననను. ఏళ్ల తరబడి రోజూ చూసే కారు, కంటికి బాగుండాలనుకోవడంలో తప్పేముంది? 18కి వెళ్తే స్టీరింగ్ చురుగ్గా ఉంటుందన్నదీ నిజమే, సైడ్‌వాల్ పొట్టిదైతే మెలిక తక్కువ. కానీ ఆ పొట్టితనానికి వెల ఉంది. 235 వెడల్పుకు 17లో సైడ్‌వాల్ 106 మి.మీ., 18లో 94, 19లో 82. మార్చి నెలలో చికాగో రోడ్లు, వానాకాలంలో హైదరాబాద్ రోడ్లు చూసినవాళ్లకు ఆ 24 మి.మీ. అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. గుంత అంచుకు కొట్టుకుని రిమ్ము వంగినా సరిచేయిస్తారు, సైడ్‌వాల్ ఉబ్బితే ఆ టైరు పోయినట్టే. అప్పుడు మళ్లీ నాలుగు టైర్ల లెక్క.

సైడ్‌వాల్ తగ్గించిన కొద్దీ టైరు మోసే బరువు కూడా చూడాలి. 235/45 ఆర్17లో లోడ్ ఇండెక్స్ 94 అంటే టైరుకు 670 కిలోలు. 235/40 ఆర్18 మామూలుది 91, అంటే 615 కిలోలే. అదే సైజులో ఎక్కువ బరువు మోసే ఎక్స్ఎల్ రకం 95, 690 కిలోలు. కొనాల్సింది ఎక్స్ఎల్, గాలి కూడా దానికి తగ్గట్టు కొంత ఎక్కువ పెట్టాలి.

మంచు పడే ఊళ్లో ఉండేవాళ్లకు నా సలహా ఇంకా సూటిగా ఉంటుంది. అందమైన 18లు వేసవికి ఉంచుకుని, కంపెనీ 17లకు వింటర్ టైర్లు ఎక్కించండి. ఏడబ్ల్యూడీ బండిని కదలనిస్తుంది, ఆపడంలో దాని సాయం సున్నా. ఎర్ర సిగ్నల్ దగ్గర ఐసు మీద ఆపేది రబ్బరే. వేసవి టైరు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి వెళ్తే గట్టిపడుతుంది, గడ్డకట్టే చలిలో వాడితే పగుళ్లు కూడా వస్తాయి. వింటర్ సెట్టుకు సైడ్‌వాల్ మీద మూడు శిఖరాల కొండలో మంచు రేకు గుర్తు ఉండాలి, ఎం+ఎస్ (బురద, మంచు) అన్న అక్షరాలు చాలవు. రెండో సెట్టుకు టీపీఎంఎస్ (టైరులో గాలి ఎంతుందో చెప్పే) సెన్సర్లు కొనేటప్పుడు మొదటి సెట్టు నంబర్లనే వాటిలోకి కాపీ చేయిస్తే సీజన్ మారిన ప్రతిసారీ షాపుకు వెళ్లే పని తప్పుతుంది.

ఏప్రిల్‌లో విప్పి గ్యారేజీలో పెట్టేటప్పుడు ఒక్కో టైరు మీద సుద్దతో అది ఏ మూల నుంచి వచ్చిందో, ట్రెడ్ ఎంత మిగిలిందో రాయండి. నవంబర్‌లో ఎక్కువ అరిగిన రెండింటినీ తక్కువ అరిగే ఇరుసుకు వేస్తే చాలు, పావు అంగుళం హద్దు లోపల ఆ సెట్టు చివరిదాకా ఆడుతుంది.